కంప్యూటర్‌కూ పంచనామా కావాలె
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పహాణీలో మన పేరు కొట్టేసి దొర పేరు రాస్తే మన తాతలకు ఏండ్లకేండ్లు తెలిసేది కాదు. ఇప్పుడు కాయితం పోయి కంప్యూటర్ వచ్చింది. రాసే చెయ్యి మాత్రం ఇంకా కనబడదు.

భీమా కోరేగావ్ కేసునే చూద్దాం. 2018 ఏప్రిల్‌లో పూణే పోలీసులు రోనా విల్సన్ ల్యాప్‌టాప్ పట్టుకుపోయారు. అందులో దొరికాయంటూ ఉత్తరాలను సాక్ష్యంగా చూపారు. డిఫెన్సు వకీళ్ల కోరికపై ఆ డిస్కు నకలును పరీక్షించిన అమెరికా సంస్థ ఆర్సెనల్, 2021లో ఏం చెప్పింది? నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం అందులో 22 నెలలు తిష్ట వేసిందనీ, ఉత్తరాలు బయటినుంచి చొప్పించినవేననీ చెప్పింది. ఆ పిడిఎఫ్‌లు కొత్త వర్డ్‌లో తయారైనవి. ఆయన మిషన్లో ఉన్నది 2007 నాటి పాత వర్డ్. వాటిని అక్కడ ఎవరూ తెరిచిన జాడ కూడా లేదట! ఎన్ఐఏ ఈ మాట ఒప్పుకోలేదు. స్టాన్ స్వామి కంప్యూటర్లోనూ ఇదే జరిగిందని 2022 డిసెంబరులో అదే సంస్థ చెప్పింది. వినడానికి ఆయన లేడు. 2021 జూలై 5న కస్టడీలో ఉండగానే పోయారు.

'మన సంఘం కంప్యూటర్ మీద అనుమానమొస్తే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలె సార్?' అని అడుగుతున్నారు. ముందు మిషన్ను కెలకకండి. ఫార్మాట్ అసలే వద్దు, అది సాక్ష్యాన్ని మన చేతులతో మనం కాల్చుకోవడమే. ఇంటర్నెట్ తీగ పీకండి, కరెంటు మాత్రం తీయకండి. కొన్ని వైరస్‌లు ర్యామ్‌లోనే బతుకుతయి, కరెంటు పోతే వాటి ఆనవాళ్లూ పోతయి. తెలిసినవారు ముందు ర్యామ్ నకలు తీస్తరు, దాన్ని వోలటిలిటీతో చదువుతరు. తర్వాత డిస్కు. రైట్ బ్లాకర్ పెట్టి నకలు తీయాలె. అది డిస్కును చదవనిస్తది, రాయనియ్యదు. ఎఫ్‌టీకే ఇమేజర్ ఉచితమే. పరీక్ష నకలు మీదనే, ఆటాప్సీతో. ఇదీ ఉచితమే, దాని లోగుట్టు కూడా బహిరంగమే. ఖరీదైనవి లేవని కాదు. ఎదుటి వకీలు 'మళ్లీ చేసి చూపించు' అంటే ఎవరైనా చేసి చూపగలిగేదే పేదోడి పరికరమని మా అభిప్రాయం.

నకలుకు వేలిముద్ర హ్యాష్. లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్లో హ్యాష్ రాయాలె. అందుకే మిషన్ పట్టుకుపోయే రోజే హ్యాష్ తీసి పంచనామాలో రాయమని అడగండి. షా-256 అయితే 64 అక్షరాలుంటది. తొందర పెడతరు. పెట్టనియ్యండి. మా బడి పిల్లలు ఎక్కాలు రాసినట్టు ఒక్కొక్కటే మీ నోటుబుక్కులో దించుకోండి, పక్కన టైము వేయండి.