తేటనీరు, మంచినీరు



బిందె అడుగు కనబడునంత తేటగా నున్న నీటిని చూచి ఏ యిల్లాలైనను మంచినీరనియే తలచును. కంటికి తేట, నాలుకకు రుచి: పూర్వులకు నీటి పరీక్షలు చాలవరకివియే. కలుషజలమును తేర్చుటకు సుశ్రుతుడు ఏడు సాధనములు చెప్పియున్నాడు: చిల్లగింజ, గోమేధికము, తామరదుంప, నాచు వేరు, వస్త్రము, ముత్యము, మణి. ముత్యములును మణులును రామారెడ్డిలో ఎందరి యిండ్ల దొరకునో గాని, కుండ లోపల చిల్లగింజను అరగదీసి నీరు తేర్చుట పల్లెలకు క్రొత్త గాదు.

విశ్వవిద్యాలయ పండితులు ఇట్టి విద్యను తోసివేయలేదు. ఇంగ్లండులోని లీస్టర్ విశ్వవిద్యాలయమువారు ఆఫ్రికా ఖండమున మలావీ దేశమందు మునగగింజలతో నీటిని తేర్చి చూచిరి. గింజలోని మాంసకృత్తునకు ధనావేశము, నీట తేలాడు మట్టి రేణువులకు ఋణావేశము. రెండును పెనవేసికొని, బరువెక్కి, అడుగునకు దిగును. పెరటిచెట్టు వైద్యమునకు రాదను సామెత ఇచ్చట ఓడినది. అయితే గింజలోని తక్కిన పదార్థము కొంత నీటిలో మిగులును గనుక, ఏనాటి నీరు ఆనాడే వాడవలెను.

ఇంతవరకు చెప్పినది బురదకు మందు. నీటిలో కరగియున్న ఫ్లోరైడు మాట వేరు. అది కంటికి కనబడదు, గుడ్డకు చిక్కదు, కాచినచో నీరు ఆవిరియై పోయి అది మరింత చిక్కబడును. 1937లో షార్టు మొదలగు వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో దీనివలన కలుగు వ్యాధిని వర్ణించిరి. పండ్లపై మచ్చలు, బిగిసిన కీళ్ళు, వంగిన వెన్ను దాని గురుతులు. పసితనమున చిగురు లోపల పండ్లు రూపొందునపుడు పడిన మచ్చ పిమ్మట ఎంత తోమినను పోదు.

రామారెడ్డి ప్రాంతపు నేల నల్లగొండ నేలవలెనే గ్రానైటు రాతినేల. అట్టి రాతిలోని ఖనిజములనుండియే ఫ్లోరైడు నీటిలోనికి ఊరును. ఊరునని ప్రతి బావిని శంకింప బనిలేదు, పరీక్షింపక నమ్మరాదు. లీటరునకు 1 మిల్లీగ్రాము మేలైన హద్దు. వేరు నీరు లేనిచోట 1.5 వరకు ఓర్వవచ్చునని భారత ప్రమాణము. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ శుద్ధిచేసిన జలమును ఊళ్ళకు చేర్చినది గాని, బోరునీరే రుచియని దానినే త్రాగువారికి ఈ పరీక్ష తప్పదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1975లో ప్రకటించిన శుద్ధి విధానమునకు నల్లగొండ పద్ధతి యని పేరు. ఆ పరిశోధకులలో కె. ఆర్. బులుసు ఒకరు. సాధనములు పటిక, సున్నము, బ్లీచింగు పొడి. లెక్క చూడుడు: లీటరునకు 500 మిల్లీగ్రాముల పటిక కావలసిన నీరైనచో, 40 లీటర్లకు 20 గ్రాములు, సున్నము అందులో ఇరువదవ వంతు, అనగా 1 గ్రాము. పది నిమిషములు కలిపి, గంటసేపు కదలింపక యుంచినచో, పటికనుండి పుట్టిన తెల్లని తెట్టు ఫ్లోరైడును పట్టుకొని దిగును. కుళాయిని బకెట్టు అడుగునకు కొంచెము పైగా అమర్చుట అందుకొరకే. పటిక మోతాదు నీటి క్షారగుణమును బట్టి మారును. పొరుగింటి కొలత పనికిరాదు. కొలత తప్పినచో నీటిలో అల్యూమినియము మిగులును. అదియు మంచిది గాదు.

అడుగున దిగిన మడ్డి సంగతి చాలమంది మరతురు. అందు పట్టుబడిన ఫ్లోరైడు నశించినది గాదు. పద్దు ఒక పుటనుండి మరియొక పుటకు మారినదంతే. దానిని బావిగట్టున పారబోసినచో వాన దానిని మరల బావికే చేర్చును.