నత్రజని పొదుపు – వేప పూత యూరియా



యూరియా బస్తాలోని సత్తువ యంతయు పైరునకే చేరునని రైతు తలచును. కాని అందులో కొంత గాలిలో కలిసిపోవును. కొంత నీటివెంట నేల లోతులకు దిగిపోవును. అప్పుచేసి తెచ్చిన ఎరువు పైరునకు దక్కకపోవుట కర్నూలు, కడప సీమల మెట్టరైతునకు చిన్న నష్టము కాదు. దీనిని తగ్గించుటకే యూరియా గింజపై వేపనూనె పూయు పద్ధతి వచ్చినది. ఆ పూత చేయు మేలెంత, రైతు స్వయముగా చూచుకొనవలసినదెంత అనునదే నేటి ప్రసంగ విషయము.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని యుండును. నేలలో తడి తగిలినంతనే యూరియా కరిగి అమోనియాగా మారును. పిదప సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. అమోనియా రూపమున నున్న నత్రజనిని మట్టి కొంత పట్టియుంచగలదు, నైట్రేటును పట్టియుంచలేదు. అందుచే వాననీటితో అది వేళ్లకు అందనంత లోతునకు జారిపోవును. నీరు నిలిచిన మడిలో వాయువై యెగిరిపోవును. వేపలోని చేదు పదార్థములు ఆ సూక్ష్మజీవుల వేగమును తగ్గించును. అందువలన నత్రజని కొద్దికొద్దిగా, పైరు తీసికొనగలిగినట్లు అందుచుండును.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థయందు డాక్టరు రాజేంద్రప్రసాద్ మొదలగు శాస్త్రజ్ఞులు 1970ల నుండి వరి, గోధుమ పైర్లలో ఈ విషయమును పరిశోధించిరి. 2015లో కేంద్ర ప్రభుత్వము దేశమున తయారగు యూరియా కంతటికిని వేప పూతను తప్పనిసరి చేసినది. 2023లో నూటికి 37 పాళ్లు నత్రజని, 17 పాళ్లు గంధకము గల గంధకపు పూత యూరియా కూడ వచ్చినది. గోధుమ మన సీమ పంట కాదు. అయినను నేలలో నత్రజని నడక గోధుమకును జొన్నకును ఒక్కటే. కర్మాగారపు పూత రాకముందు 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి, రెండు దినములుంచి వరిమడిలో చల్లుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచుండెడివారు.

అయితే ఒక హెచ్చరిక. చట్టము కోరు కనీసపు వేపనూనె నూటికి 0.035 పాలు, అనగా 45 కిలోల బస్తాకు సుమారు 16 గ్రాములు మాత్రమే. అది నైట్రేటు నష్టమును తగ్గించును గాని, అమోనియా గాలిలో కలియుటను ఆపజాలదు. మన నల్లరేగడి నేలలు క్షారగుణము గలవి. అట్టి నేలపై ఎండలో చల్లి వదలిన యూరియా, పూత యున్నను, గాలిపాలగును.

కావున జొన్న, ప్రత్తి, మొక్కజొన్న చేలలో పదును చూచి, సాళ్ల ప్రక్కన రెండంగుళముల లోతున వేసి మట్టి కప్పవలయును. కుందూ, కర్నూలు–కడప కాలువక్రింది వరిమడిలో నీరు తీసివేసి, బురదపదునులో చల్లి, ఒకటి రెండు దినముల పిదప నీరు పెట్టవలయును. మొత్తము నొక్కసారి వేయక రెండు మూడు తడవలుగా పంచవలయును. వాన వెనుకబడినచో పైపాటు యూరియా చేనిలో కంటె ఇంటిలో నుండుటయే లాభము. శనగ, వేరుశనగ, కంది మొదలగునవి తమ వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయమున గాలినుండి నత్రజనిని గ్రహించును. వాటికి యూరియా మిక్కిలి తక్కువ చాలును. ఆకు నల్లబడినంత మాత్రమున గింజ పెరుగదు. నత్రజని మితిమీరిన పైరునకు పురుగు, తెగులు ఎక్కువ. వరి పడిపోవును కూడ.

ఇదంతయు ఎవరో చెప్పినందున నమ్మనక్కరలేదు. ఒకే చేనిలో రెండు సమానమైన పట్టెలు కొలిచి, ఒకదానిలో వాడుక ప్రకారము చల్లి, రెండవదానిలో కొంత తగ్గించి పదునులో వేసి కప్పి, కోతనాడు రెండింటి గింజలను వేరువేరుగా తూచవలయును. వాన పడిన తేదీలు, ఎరువు వేసిన తేదీలు, దిగుబడి వ్రాసి యుంచుటకు గ్రంథాలయమున నొక పుస్తకము పెట్టినచో, అయిదారేండ్లలో అది ఈ యూరి నేలను గూర్చి ఈ యూరివారే వ్రాసిన గ్రంథమగును. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు అంతకంటె తగిన పని వేరొకటి యుండదు.