మూడో ప్రయత్నం



2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగం పోటీ జరిగింది. బరంపురంలోని మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. మన పొరుగు జిల్లా శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి పోటీలో ఉంది మరి!

స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించుకుంది. అది లేస్తే బంగారు పతకమే. లేవలేదు. అందరం అయ్యో అన్నాం.

ఈ ఆటలో ఒక్కో పద్ధతికి మూడు ప్రయత్నాలుంటాయి. ఎత్తగలిగిన వాటిలో ఎక్కువ బరువే లెక్కకు వస్తుంది. తప్పిన ప్రయత్నం అంతకుముందు ఎత్తినదాన్ని చెరిపెయ్యదు. ఆ 240 కిలోలకే కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే.

ఆ ఏడే మా అమ్మాయి ప్లస్ టూ లెక్కల్లో తప్పింది. మూడు నెలలు నేను దానితో సరిగా మాట్లాడలేదు. పోటీ అయ్యాక అదే అడిగింది: "నాన్నా, చివరిది ఎత్తలేకపోయినా పతకం ఇచ్చారు కదా?" నాకు జవాబు తోచలేదు. మర్నాడు దాని మార్కుల కాగితం తీసి, మొదటిసారి పూర్తిగా చదివాను. మిగతా అన్నిటిలోనూ మంచి మార్కులే.

తల్లిదండ్రులారా, ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదవండి. పిల్లలూ, తప్పుతుందేమోనని తక్కువ బరువు ఎంచుకోకండి. సెలవు.