మీరేమిట్లు?



ఇంటర్ పాసై విశాఖ వెళ్లే మన పిల్లలు హాస్టల్‌కి ఫోన్ చేసేది ఫీజు గురించి కాదు, గది గురించి. టులెట్ బోర్డు చూసి గేటు తడతారు. అద్దె చెప్తారు, అడ్వాన్సు చెప్తారు, నీళ్ల మోటారు ఎన్నింటికి వేస్తారో కూడా చెప్తారు. ఆఖర్న "మీరేమిట్లు?" అని అడుగుతారు. ఎస్టీ అనగానే, మా చుట్టాలొస్తున్నారమ్మా, ఆ గది వాళ్లకే అంటారు. బోర్డు మాత్రం నెల తర్వాత కూడా వేలాడుతూనే ఉంటుంది.

మాకిది కొత్త కాదు. బీఈడీ చదివేటప్పుడు పాడేరు వైపు నుంచి వెళ్లిన మేం ముగ్గురం ఏడు ఇళ్లు తిరిగాం. ఎనిమిదో ఇంట్లో కులం అబద్ధం చెప్పాం. గది దొరికింది. ఒకసారి మాలో ఒకరి అమ్మ చోడి పిండి, అడ్డాకుల్లో కట్టిన పసుపు పట్టుకుని వచ్చింది. ఓనరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. మన భాషలో మాట్లాడొద్దని సైగ చేశాం. పాపం, ఆమెకు తెలుగు అంతంత మాత్రం. రెండు రోజులుందామని వచ్చిన మనిషి, నోరు మెదపకుండా కూర్చుని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. ఆ గదిలో ఏడాది ఉన్నాం. ఆమె మళ్లీ రాలేదు.

అందుకే అబద్ధం చెప్పమని మేం ఎవరికీ చెప్పం. చెప్పినవాళ్లను తిట్టం కూడా. పరీక్ష దగ్గరపడితే ముందు తలదాచుకోవాలి కదా. మన ఊళ్లకు మైదానం నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లకు మాత్రం మనం ఏమిట్లని అడక్కుండానే ఇల్లు అలికి ఇచ్చాం!

చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెప్తాం. దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర కులం పేరుతో అడ్డుకోకూడదని రాజ్యాంగం 15వ అధికరణ అంటుంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. ఇవ్వనన్నంత మాత్రాన కేసు నిలవడం కష్టం. కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే మాత్రం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దానికిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మన స్నేహితులు, బంధువులు వింటే చాలదు. కాబట్టి మాట తేడాగా ఉంటే లోపల వాదించకండి, గేటు బయటికి వచ్చేయండి. నలుగురి ముందు నోరు జారితే ఎవరు విన్నారో, ఎన్ని గంటలకో రాసుకోండి. 14566కి ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

హాస్టల్లో ఒక నోటుబుక్కు పెట్టాం. కులం అడక్కుండానో, తెలిశాకనో గది ఇచ్చిన ఇళ్లు అందులో రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు ఉన్నాయి. మీరు గది ఖాళీ చేసే నెల ముందే ఓనరుగారితో ఒక మాట అని, మాకు ఫోన్ చేయండి. జూన్‌లో మళ్లీ పిల్లలు దిగుతారు.