పాటల పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పుస్తకములను గూర్చి మాటలాడవలసిన సభలో రికార్డుల ప్రసక్తి యేలయని మీకు తోచవచ్చును. ఆల్బమను పేరే పుస్తకముతో ముడివడియున్నది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాతకాలపు రికార్డుపై ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. పెద్ద రచనయైనచో అనేకములైన రికార్డులు కావలసివచ్చెడివి. వానిని పుటలవంటి సంచులలో నుంచి, అట్టలు కట్టి, పుస్తకమువలె అమ్మెడివారు, దానినే ఆల్బమనిరి. 1948లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డు వెలువడి, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పట్టిన తరువాతను ఆ పేరు నిలిచినది. కావున ఆల్బమును మొదటినుండి తుదివరకు చదువవలసిన పుస్తకముగానే నేను భావింతును.

నేను లెక్కలు వ్రాయువాడను. సంగీతమున గురుశుశ్రూష చేసినవాడను గాను. ఛందస్సును, కొంత సంస్కృతమును పుస్తకముల వలననే నేర్చుకొంటిని. గడచిన సంవత్సరము శనివారపు సాయంకాలములందు ఈ గ్రంథాలయమున కొందరము కూడి, పేరుపొందిన ఆల్బములను వరుసగా వింటిమి. ఒక్కొక్కదానికి పదింటికి ఇన్ని మార్కులని ఒక చిట్టాలో వ్రాసితిమి. నియమ మొక్కటియే: మార్కు ప్రక్క కారణము వ్రాయవలెను. రసీదు లేని ఖర్చు తనిఖీలో నిలువదు. కారణము లేని మార్కును అట్టిదే. ఆ చిట్టాలోని నాలుగు పద్దులను మీకు వినిపించెదను.

మొదటిది ఘంటసాల పాడిన పుష్పవిలాపము. ఇది ఆల్బము గాదు, చిన్న రికార్డు; అయినను తెలుగు పద్యగానమునకు ఒజ్జబంతి గనుక దానితో మొదలిడితిమి. పద్యములు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారివి. నాటకరంగమున పద్యముకన్న పొడవైన ఆలాపనకు అలవడిన చెవులు మనవి. ఇందు రాగము మాటకు లోబడి నడచును; సమాసము విరుగదు, అర్థము తెగదు. పువ్వు మాటలాడుచున్నదనియే తోచును గాని గాయకుడు అడ్డురాడు. నిడివి యిరుకగుట ఇచ్చట మేలే చేసినది. నేను పూర్తిగా 10 వేసినది దీని కొక్కదానికే.

రెండవది 1963లో వెలువడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి శ్రీవేంకటేశ్వర సుప్రభాతము. గుడి మైకులో దీనిని ఎరుగనివారు లేరు. ఎరుగుట వేరు, కూర్చుండి వినుట వేరు. సుప్రభాతమున 29, స్తోత్రమున 11, ప్రపత్తియందు 16, మంగళాశాసనమున 14, వెరసి 70 శ్లోకములు. సుప్రభాతమున బహుళముగా నడచునది పదునాలుగక్షరముల వసంతతిలకము. స్తోత్రారంభమున పండ్రెండక్షరముల తోటకము రాగానే, మేలుకొన్న స్వామి యెదుట భక్తుడు గ్రుక్క త్రిప్పుకొనక మొరపెట్టుకొన్నట్లుండును. తుదకు మంగళాశాసనమున అనుష్టుప్పు నెమ్మదిగా తలుపు మూయును. ముక్కలుగా విన్నవారికి ఈ నడక తెలియదు. రాధా విశ్వనాథన్ గొంతు సుబ్బులక్ష్మి గొంతుతో ఒక్కటియై సాగుట మరియొక అందము. 9 వేసితిని. తగ్గిన ఒకటికి కారణము: సంస్కృతము రాని శ్రోతకు నాదము దక్కును గాని అర్థము దక్కదు.

ఆ కొరతను తీర్చినది మూడవదగు ఘంటసాల భగవద్గీత. 700 శ్లోకములలో కొన్నింటిని ఏర్చి, పాడి, తాత్పర్యమును తెలుగున చెప్పెను. ఆయన జీవితపు కడపటి కృషి యిది. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏండ్లకే కన్నుమూసెను. మేము దీనిని పెట్టిన సాయంకాలమున, ఎవరు పోయిరోయని వీధిలోనివారు పరుగెత్తి వచ్చిరి. చావు జరిగిన యింట దీనిని పెట్టుట మనకు ఆచారమైపోయినది. విల్లు జారవిడిచినవానిని యుద్ధమునకు లేపుటకై చెప్పిన మాటలను పాడె ప్రక్కన మాత్రమే వినిపించుట న్యాయమా? బ్రదికియున్నవారు వినవలసిన రికార్డిది. 8 వేసితిని; ఏర్పాటులో అర్జునుని సందేహములు పలుచనై, సమాధానములే మిక్కిలిగా వినబడుట రెండు తగ్గుటకు కారణము.

నాలుగవది కాల్ ఆఫ్ ది వ్యాలీ, 1967 నాటిది. శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా పిల్లనగ్రోవి, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు. మాట యనునది లేదు. కాశ్మీర లోయలో ఒక గొర్రెలకాపరి దినమును, వేకువ ఆహిర్ భైరవ్ మొదలు పహాడీ వరకు, రాగములతో చెప్పుట దీని యేర్పాటు. నడుమ వచ్చు భూప్ మన మోహనమే గనుక వెంటనే చుట్టమైనది. మిగిలినది నా చెవికి పరాయిగా నుండుటచే 8 వేసితిని. ఆనాడు గొర్రెలు కాచి తలపండిన పెద్ద యొకరు మాతో కూర్చుండిరి. కాశ్మీరము సంగతి ఎవరును చెప్పకముందే ఆయన, “మంద మళ్లిందయ్యా, ఇంక కుక్కను పిలవాల” అనిరి. ఆయన వ్రాయించిన మార్కు 10; కారణము, “పొద్దు తప్పలేదు.” అంతకు మించిన కారణము మా చిట్టాలో లేదు.

చేతిఫోనులో సర్వమును దొరకుచుండగా శనివారమున గది తెరచి దీపమేల వెలిగింపవలెనని కొందరు చందాదారులు అడిగియున్నారు. అడుగదగిన ప్రశ్నయే, కరెంటు బిల్లు కట్టునది వారి చందాతోనే. ఫోనులో పాట దొరకును; కాని అది ముగియకముందే వ్రేలు వేరొకదానిపైకి పోవును. ప్రక్కనున్న గొర్రెలకాపరి పది మార్కులెందులకు వేసెనో ఫోను చెప్పదు. యంత్రముపై నాకు పట్టుదల లేదు. ఫోనునందలి పాటనే ఈ గదిలో పెట్టినను సమ్మతమే. తుదివరకు వినుట, పదిమందితో వినుట, కారణము వ్రాయుట, ఈ మూడును నిలిచిన చాలును.

చిట్టాలో సగము పుటలు ఇంకను తెల్లగా నున్నవి. కార్యవర్గమువారు శనివారపు గంట కాలమును నిలుపవలెననియు, మీరు వచ్చి నా మార్కుల ప్రక్కన మీ మార్కులను కారణసహితముగా వ్రాయవలెననియు ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.