బిడ్డకు ఎంత బండి కావాలి?



పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి వైపు అపార్టుమెంట్లు లేచాయి, వాటి వెనకే పిల్లల తోపుడు బండ్లూ వచ్చాయి. కొన్ని ఎంతెంత ఉన్నాయంటే, లిఫ్టులో బండి పడితే తల్లి పట్టదు. అమెరికా నుంచి కొడుకు పంపాడనో, కోడలు ముచ్చటపడి తెప్పించుకుందనో అంటారు. ముచ్చటను నేను కాదనను. కానీ ఆ బండితో ఒక్కసారి ఇస్నాపూర్ చౌరస్తా దాటి చూడండి.

ముంబయి రహదారి అది. పాశమైలారం ఫ్యాక్టరీలకు పోయే లారీలు, కంపెనీ బస్సులు, ఆటోలు. ఆగివున్న లారీ పక్కనుంచి దాటాలంటే మనం ముందు తల బయటికి పెట్టి చూస్తాం కదా? చేతిలో బండి వుంటే మన తలకంటే ముందు బండి రోడ్డెక్కుతుంది. తల్లి కళ్లు చూడకముందే బిడ్డ వాహనాలకు ఎదురు వెళుతుందన్నమాట. నాకు భయమంతా ఇక్కడే. ఖర్చు, బరువు తరువాతి మాటలు.

పొగ సంగతీ వుంది. వాహనాల పొగ నేలకు మీటరు ఎత్తులోపే ఎక్కువ. బండిలో పిల్లలు పెద్దవాళ్లకంటే 60 శాతం దాకా ఎక్కువ కాలుష్యం పీల్చవచ్చని బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం వారు 2018లో చెప్పారు. చంకనున్న బిడ్డ ముఖం మన ముఖం ఎత్తున వుంటుంది.

అసలు ఈ బండి 1733లో ఇంగ్లండులో ఒక డ్యూకుగారి పిల్లలకోసం పుట్టింది. మేకో, చిన్న గుర్రమో లాగేది! తోటలో షికారుకు చేసిన వస్తువు మరి. విమాన చక్రాల అమరిక తెలిసిన ఓవెన్ మక్లారెన్ అనే ఇంజనీరు, మనుమరాలి బండితో కూతురు పడే అవస్థ చూసి, 1965లో గొడుగులా మడిచే బండి చేశాడు. బరువు మూడు కిలోల లోపే.

అదీ వద్దనుకుంటే గుడ్డ వుంది. ఆఫ్రికాలోని టోగోలో తల్లులు బిడ్డల్ని వీపున కట్టుకోవడం చూసి, ఆన్ మూర్ అనే అమెరికన్ నర్సు 1969లో ఒక సంచికి పేటెంటు తీసుకుంది. మన తండాల ఆడవాళ్లకు ఏ పేటెంటూ లేదు. ఆ సంచినే ఇప్పుడు మనం వేలు పోసి కొంటున్నాం.

కట్టేటప్పుడు బిడ్డ ముఖం మీకు కనబడాలి, గడ్డం ఛాతీకి అదిమిపోకూడదు, మోకాళ్లు పిరుదులకంటే పైకి వుండాలి. కాళ్లు నిటారుగా బిగించి చుట్టకండి, తుంటి కీలుకు మంచిది కాదు. మెడ నిలవని పసిగుడ్డును వీపున వేసుకోవద్దు. జోలె కట్టుకుని మోటారుసైకిలు మాత్రం ఎక్కకండి. తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు, హెల్మెట్టు వుండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటరాదని 2022లో కేంద్రం నిబంధన చేసింది.

కవలలుంటే, ఆపరేషను కుట్లు మానకపోతే, ఎత్తుకునేది మోకాళ్లనొప్పుల అమ్మమ్మయితే, బండి కొనండి. (మగవారు బండి తోస్తారుగాని గుడ్డ కట్టుకోమంటే సిగ్గుపడతారు, ఎందుకో!) కాంపౌండు లోపల సాయంత్రం షికారుకు అదే సుఖం.

కొనేముందు కొట్లోనే ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, రెండో చేత్తో బండి మడిచి చూడండి. మడిచాక ఆర్టీసీ బస్సు మెట్టెత్తుకు లేపి చూడండి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ మెట్టు దగ్గర ఎంత తోపులాటో మీకు నేను చెప్పనక్కర్లేదు.