దేశమా, కూటమా: ఐర్లండ్, నార్వే స్త్రీల అనుభవం



"దేశం ఒక పెద్ద కూటమిలో చేరితే ఆడవాళ్ళకి మంచిదా, చెడ్డదా?" అని ఇందాక ఒక మిత్రురాలు అడిగారు. ఒక్కమాటలో చెప్పడం నాకు చేతకాదు. రెండు దేశాల సంగతి చెప్తాను.

ఐర్లండ్ 1973 జనవరిలో యూరోపియన్ ఆర్థిక సముదాయంలో చేరింది. అప్పటికి అక్కడ ప్రభుత్వోద్యోగం చేసే స్త్రీ పెళ్ళయితే ఉద్యోగం వదులుకోవాల్సిందే! ఆ నిబంధన ఆ ఏడే పోయింది. సమాన వేతనం కథ వేరు. 1957 నాటి రోమ్ ఒప్పందంలో 119వ అధికరణం సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలంది. ఆడవాళ్ళ మీద ప్రేమతో రాసింది కాదు లెండి. ఫ్రాన్స్‌లో ఆ చట్టం ముందే ఉంది. ఆడవాళ్ళకి తక్కువ కూలి ఇచ్చే పొరుగుదేశాల సరుకు చవగ్గా వచ్చిపడుతుందని ఆ దేశం భయం. ఎందుకు రాసినా పనికొచ్చింది. 1976లో ఐర్లండ్ ప్రభుత్వం డబ్బు లేదు, అమలు వాయిదా వేసుకుంటామంటే యూరోపియన్ కమిషన్ ఒప్పుకోలేదు. అదే ఏడు బెల్జియం విమానాల్లో పనిచేసిన గాబ్రియెల్ డెఫ్రెన్ కేసులో, ఆ అధికరణం పట్టుకుని స్త్రీలు తమ దేశపు కోర్టుకే వెళ్ళవచ్చని యూరోపియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది.

కానీ 1992లో ఇదే ఐర్లండ్ ప్రభుత్వం తన గర్భస్రావ నిషేధం జోలికి ఎవరూ రాకుండా మాస్ట్రిక్ట్ ఒప్పందానికి అనుబంధం చేర్పించుకుంది. కూటమి సరేనంది. ఆ నిషేధాన్ని 2018లో తీయించింది ఇంటింటికీ తిరిగిన అక్కడి స్త్రీలే.

నార్వే ప్రజలు 1972లో వద్దన్నారు. 1994లోనూ 52.2 శాతం వద్దన్నారు. చేరదామన్న ప్రధాని గ్రో హార్లెమ్ బ్రుంట్లాండ్ స్త్రీ, వద్దని ముందు నిలిచిన ఆన్ ఎంగర్ లాన్‌స్టైన్ కూడా స్త్రీయే. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా వద్దని ఓటేశారు. ఆసుపత్రుల్లో, శిశు సంరక్షణ కేంద్రాల్లో ప్రభుత్వ జీతం మీద పనిచేసేది ఎక్కువగా వాళ్ళే. ఇది చదువుతుంటే నాకు మన అంగన్‌వాడీ కార్యకర్తలు గుర్తొచ్చారు.

అయితే బయట ఉన్నారా అంటే, పూర్తిగా లేరు. 1994 నుంచే ఒక ఆర్థిక ఒప్పందం వల్ల కూటమి మార్కెట్ నిబంధనలు నార్వేకీ వర్తిస్తాయి. వాటిని చేసేచోట దానికి ఓటు లేదు. ఆస్లో విశ్వవిద్యాలయం కొన్ని ప్రొఫెసర్ పదవులు స్త్రీలకే కేటాయిస్తే, అది సమానత్వ నిబంధనకి విరుద్ధమని 2003లో ఆ ఒప్పందం కింది కోర్టు తేల్చింది. రిజర్వేషన్ల కోసం కొట్లాడే మనకి ఇది కొత్త మాట కాదు.

నన్నడిగితే, ఐర్లండ్‌లో ఉంటే నేను చేరదామనే ఓటేసేదాన్ని. నార్వేలో 1994లో వద్దనే వేసేదాన్ని. 2003 తర్వాత మళ్ళీ అడిగితే మాత్రం, బ్యాలెట్ చేతపట్టుకుని చాలాసేపు నిలబడేదాన్ని.